మర్రిపాలెంలో పదడుగుల గది, పన్నెండు వేల బడ్జెట్, శుభ్రమైన గొంతు

గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు కూడా పదడుగులే. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, కింద టైల్స్, ఒక అద్దాల కిటికీ, ఒక ఇనప బీరువా. విశాఖపట్నం మర్రిపాలెంలో మూడో అంతస్తు. గొంతు రికార్డింగుకు ఇంతకన్నా మొండి గది వెతికినా దొరకదు. ఈ గదిలోనే, అన్నీ కలిపి పన్నెండు వేల రూపాయల్లో, పాటలూ కథల వాచకమూ స్పష్టంగా వచ్చేలా చేయడానికి ఏమేం చేశానో, ఏ వరసలో చేశానో రాస్తున్నాను. వరస ముఖ్యం. మైక్ కొన్నది నాలుగో వారంలో. అంతకుముందు మూడు వారాలూ గదితోనే సరిపోయింది, ఆ మూడు వారాల పనే ఆఖరికి రికార్డింగులో వినిపిస్తోంది.

ముందు మోతల లెక్క

మొదటి మూడు రోజులు చేసింది ఒక్కటే. ఫోన్‌ను గది మధ్యలో కుర్చీ మీద పెట్టి, గంటకోసారి ఐదేసి నిమిషాలు ఖాళీ గదిని రికార్డు చేశాను. ఫోన్ తనంతట తానే శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఏ మోత ఎంత పెద్దదో ఈ పద్ధతిలో తేలదు. కానీ ఏ వేళకు ఏ మోత వస్తుందో బాగా తెలుస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే మనం అలవాటుపడి వినడం మానేసినవన్నీ బయటపడతాయి.

తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుందని అనుకుంటాం. ఐదున్నరకే గుడి మైకు, కాకులు, నీళ్ల మోటార్లు మొదలవుతాయి. ఏడు నుంచి పది దాకా కుక్కర్ కూతలు, మిక్సీలు. సాయంత్రం నాలుగు దాటితే పిల్లల ఆటలు. రాత్రి పదకొండు తర్వాత మనుషుల అలికిడి తగ్గుతుంది గానీ కుక్కలు అందుకుంటాయి, వానాకాలంలో కీచురాళ్లు. కీచురాయి రొద పడే చోటే గొంతులో స, శ పలికే పౌనఃపున్యాలు కూడా ఉంటాయి. రెండూ ఒకసారి కలిశాయంటే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా విడదీయలేం. రైలు కూత అంత ప్రమాదం కాదు, వినపడగానే ఆపి మళ్లీ పాడుకోవచ్చు. గూడ్సు బండి దొర్లే సన్నని గుడగుడే మోసం చేస్తుంది. చెవి దాన్ని పట్టించుకోదు, మైక్ పట్టించుకుంటుంది. ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు ఉన్నవాళ్లు నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచే విమానాలను, హెలికాప్టర్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

నాకు తేలిన వేళ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర. వంటలు అయిపోయి అందరూ నడుం వాల్చే సమయం. పై ఫ్లాటులో గ్రైండరు ఒక్కటే మిగిలింది, దానికి ముందురోజే వెళ్లి అడిగాను.

"పిన్నిగారూ, రేపు రెండు నుంచి మూడు దాకా గ్రైండరు వేయకుండా ఉంటారా?"

"అలాగే నాయనా, మూడు దాటాకే వేసుకుంటాలే."

ఏ గోడకు ఎంత నురుగు అంటించినా ఈ ఒక్క మాట చేసినంత పని జరగదు. గ్రైండరు మోత స్లాబులోంచి దిగుతుంది, దాన్ని ఆపాలంటే గదిలో గది కట్టాలి.

ఇంట్లో ఆపగలిగినవి ఫ్రిజ్, నీళ్ల ఫిల్టరు మోటారు, సీలింగ్ ఫ్యాను, ఏసీ. ఫ్రిజ్ ఆపినప్పుడు స్కూటరు తాళం అందులో పెట్టేయాలి. బయటికి వెళ్లాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు, స్విచ్ వేయడం గుర్తొస్తుంది. ఫ్యాన్ ఆపడం విశాఖ ఉక్కపోతలో చిన్న విషయం కాదు. అరగంట ముందు నుంచి ఏసీ నడిపి గది చల్లబడ్డాక ఆపితే పావుగంట సేపు నిలబడుతుంది. అందుకే పన్నెండు నుంచి పదిహేను నిమిషాల విడతలుగా పని పెట్టుకున్నాను. ఏసీ లేనివాళ్లు తడిపి పిండిన తువ్వాలు మెడ మీద వేసుకుని పాడటం మేలు, చెమట గురించి ఆలోచిస్తూ పాడితే అది గొంతులో తెలిసిపోతుంది. ఆ తర్వాత మైక్ వచ్చాక కొలిచి చూస్తే, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఖాళీ గది శబ్దం −44 డీబీ (డెసిబెల్; మీటరులో సున్నా అంటే గరిష్ఠం, ఎంత కిందికి దిగితే అంత నిశ్శబ్దం) దగ్గర ఉంది, ఆపితే −57కి దిగింది. రూపాయి ఖర్చు లేకుండా పదమూడు డీబీలు.

గది ఎక్కడ మోగుతోంది

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొడితే "జింగ్" మని లోహం మోగినట్టు సాగింది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ కొట్టుకుంటే వచ్చే మోత అది. మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. పదడుగుల గదిలో అటు వెళ్లి ఇటు రావడానికి దానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

బొంగురు మోత సంగతి వేరు. ఎదురెదురు గోడల దూరాన్ని బట్టి గది కొన్ని స్వరాలను తనంతట తానే పెంచుతుంది. లెక్క తేలికే, శబ్దవేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. పదడుగులకు 57 హెర్ట్జ్ వస్తుంది. దాని గుణిజాలు 114, 172. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గదిలో ఈ మూడు దిక్కుల మోతలూ ఒకేచోట పోగుపడతాయి. అందుకే ఘనాకారపు గది అన్నిటికన్నా చెడ్డది. ఒకటి శ్రుతిలో పాడే మగగొంతుకు సా 131 హెర్ట్జ్, మంద్ర కైశికి నిషాదం, అంటే ఆ సాకు కాస్త కిందుండే ని, 117 చుట్టుపక్కల. గది పెంచే 114కు ఇది ఆనుకునే ఉంది. ఐదు శ్రుతిలో పాడే ఆడగొంతుకు సా 196, కిందికి కైశికి నిషాదం 175 దగ్గర, ఇది 172కు పక్కనే. అంటే ఈ ఇద్దరిలో ఎవరు పాడినా ఆ నిషాదం మీదికి దిగగానే గొంతు ఉన్నట్టుండి కుండలోంచి వచ్చినట్టు ఉబ్బుతుంది. పాడేవాళ్లు తమ గొంతులోనే దోషం ఉందని అనుకుంటారు. అది గది చేసే పని.

చెవితో పట్టుకోవడం సులువు. నోరు మూసి "మ్మ్మ్" అంటూ పై స్వరం నుంచి కింది స్వరానికి జారుతూ రావాలి. ఎక్కడ గది తిరిగి మోగుతుందో అక్కడ ఆగి, అదే స్వరం పట్టుకుని గదిలో అరడుగు చొప్పున జరగాలి. గది నట్టనడుమ, మూలల్లో మోత ఎక్కువ. నాకు కిటికీ లేని గోడకు రెండున్నర నుంచి మూడడుగుల దూరంలో బాగా సన్నబడింది. అక్కడ కుర్చీ వేసి, నాలుగు కాళ్ల చోటా నేల మీద టేపు అంటించాను. కూర్చుంటే మైక్ నేలకు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది, నిలబడితే ఐదడుగులు. పదడుగుల ఎత్తు గదిలో ఐదడుగులంటే సరిగ్గా నడిమధ్య. అందుకని ఈ గది మట్టుకు కూర్చునే పాడటం మేలని తేలింది, వెన్ను నిటారుగా ఉండే చెక్క కుర్చీలో.

ఇదే పరీక్షలో బీరువా తలుపు కూడా దొరికింది. ఒక స్వరానికి సన్నగా గిర్రుమనేది. తలుపు సందులో మడత పెట్టిన గుడ్డ దూర్చితే ఆగింది. గోడ గడియారాన్ని గదిలోంచి తీసేశాను.

బొంతలు, రాక్‌వుల్

మోత తగ్గించడానికి గుడ్ల ట్రేలు అంటించడం, అంగుళం మందం నురుగు పలకలు అంటించడం అందరూ చెప్పే పద్ధతులు. గుడ్ల ట్రే పలుచని కాగితపు గుజ్జు, అది శబ్దాన్ని పీల్చుకోదు. పలుచని నురుగు పైస్థాయి శబ్దాలను మాత్రం తాగేసి కింది మోతను అలాగే వదిలేస్తుంది. గొంతులో మెరుపు పోయి బొంగురు మిగులుతుంది, అంటే గది ముందుకన్నా అన్యాయంగా తయారవుతుంది. మందమే ముఖ్యం. గోడకు ఆనించిన నాలుగంగుళాల దళసరి మెత్త సుమారు 850 హెర్ట్జ్ నుంచి పైకి గట్టిగా పనిచేస్తుంది. అదే మెత్తను గోడకు నాలుగంగుళాలు ఎడంగా నిలబెడితే ఆ హద్దు సగానికి, 430 దగ్గరికి దిగుతుంది. ఖాళీ జాగాకు డబ్బులు అక్కర్లేదు కాబట్టి ఏదైనా గోడకు అంటించకుండా ఎడంగా పెట్టడమే లాభం.

మొదటి విడత ఇంట్లో ఉన్నవాటితోనే. బట్టలారేసే స్టాండ్లు రెండు తెచ్చి, ఒక్కోదాని మీద పాత చీరల బొంతలు రెండేసి మడతలు పెట్టి వేశాను. పాత దూది పరుపు ఉంటే ఇంకా మంచిది. దాన్ని నిలబెట్టి వెనక కర్ర ఆసరా ఇస్తే చాలు. నేల మీద రగ్గు. కిటికీకి బొంత.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. మెత్తలన్నీ మైక్ వెనకాల కడతారు. మైక్ చుట్టూ అర్ధచంద్రంలా బిగించే నురుగు కవచాలు అమ్మేది కూడా ఆ ఊహ మీదే. మామూలుగా దొరికే గొంతు మైకులు కార్డియాయిడ్ తరహావి. ముందు వైపు బాగా వింటాయి, వెనక వైపు దాదాపు వినవు. మరి మైక్ ముందున్నది ఎవరు? పాడే మనిషి. ఆ మనిషి భుజాల మీదుగా మైక్‌కి కనిపించేది మనిషి వెనక గోడ. గొంతు ఎదురు గోడకు తగిలి, తిరిగొచ్చి, వెనక గోడను కొట్టి, నేరుగా మైక్ నోట్లో పడుతుంది. కాబట్టి మొదటి బొంత పాడేవాళ్ల వీపు వెనక. రెండోది పక్క గోడ వైపు. మిగిలితే మైక్ వెనక. ఒక బొంతను మైక్ వెనక నుంచి వీపు వెనకకు మార్చి, అదే వాక్యం రెండుసార్లు రికార్డు చేసి వినండి. తేడా తెలియడానికి మంచి హెడ్‌ఫోన్ కూడా అవసరం లేదు.

రెండో విడత రాక్‌వుల్, అంటే రాతి ఉన్ని. విశాఖలో ఇది దొరకడం కష్టం కాదు. ఫ్యాక్టరీల బాయిలర్లకు, ఆవిరి పైపులకు వేడి పోకుండా చుట్టేది ఇదే, ఇన్సులేషన్ సామాను అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. "48 డెన్సిటీ, రెండంగుళాల స్లాబు" అని అడగాలి. ఘనపు మీటరుకు 48 కిలోల బరువని అర్థం. మీటరు పొడవు, 600 మిల్లీమీటర్ల వెడల్పు స్లాబులు నాలుగు తీసుకుని, రెండేసి కలిపి నాలుగంగుళాల దళసరి పలకలు రెండు చేశాను. చుట్టూ టేకు అక్కర్లేదు, మామూలు చెక్క రీపర్లతో ఫ్రేము. పైన ముతక నూలు గుడ్డ. గుడ్డ కొనేటప్పుడు నోటికి ఆనించి ఊదాలి, ఊపిరి సులువుగా అవతలికి పోతే శబ్దం కూడా పోతుంది. రెక్సిను, శాటిను పనికిరావు. రాక్‌వుల్ ముట్టుకుంటే దురద, దాని నూగు ఊపిరిలోకి పోకూడదు. మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మేడ మీద ఆరుబయట పని ముగించి, గుడ్డ నాలుగు వైపులా బిగించి పిన్నులు కొట్టాకే గదిలోకి తేవాలి. గుడ్డ లోపల ఒక పొర పలుచని నాన్‌వోవెన్ గుడ్డ, సంచులు కుట్టే రకం, వేస్తే నూగు బయటికి రాదు. ఈ రెండు పలకలను వీపు వెనక, గోడకు నాలుగంగుళాల ఎడంలో నిలబెట్టాను.

ఇంత చేసినా వంద హెర్ట్జ్ కింద గది మోత పోలేదు, పోదు కూడా. దానికి అడుగుల మందం కావాలి. గొంతులో ఆ కింది భాగం దాదాపు అవసరం లేనిది కాబట్టి దాన్ని తర్వాత ఫిల్టరుతో కోసేయవచ్చు.

అప్పుడు మైక్

కండెన్సర్ మైక్ సన్నని వివరాలను బాగా పడుతుంది, గదిని కూడా అంతే బాగా పడుతుంది. డైనమిక్ మైక్ దగ్గరగా పాడితేనే పలుకుతుంది, దూరపు మోతలను పట్టించుకోదు. వేదికల మీద అందరూ చూసే షూర్ ఎస్ఎం58 డైనమిక్ రకమే, 1966 నుంచి వాడకంలో ఉంది. గది మంచిదైతే కండెన్సర్. మనలాంటి గదికి, ఈ బడ్జెట్‌కు డైనమిక్ కార్డియాయిడ్. సముద్రపు ఊళ్లో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఇక్కడ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. కండెన్సర్ మైక్ పొర మీద తేమ చేరితే చిటపట శబ్దాలు మొదలవుతాయి. డైనమిక్‌కు ఆ బాధ లేదు. కండెన్సర్ ఉన్నవాళ్లు పని అయ్యాక గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి.

చవకగా దొరికే కండెన్సర్ కిట్ల గురించి ఒక హెచ్చరిక. స్టాండు, నురుగు టోపీ, తీగ అన్నీ కలిపి రెండు వేల లోపు వస్తాయి. మైక్‌కి కావలసింది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ తీగలోంచే అందే కరెంటు. కిట్‌లో వచ్చే తీగ మరో చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో గుచ్చితే అందేది ఐదు వోల్టులకు తక్కువే. గొంతు లోతుల్లోంచి వచ్చినట్టు వినపడి, పెంచితే బుస్సుమంటుంది. మైక్ తప్పు కాదు, దానికి తిండి అందలేదు.

నాకైన ఖర్చు ఇది. డైనమిక్ మైక్ 2,200. రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైక్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌కు అందించే పెట్టె, 4,300. మైక్‌ను దానికి కలిపే మూడు మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ 450. బూమ్ స్టాండు 900. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ 1,900. రాక్‌వుల్, చెక్క, గుడ్డ కలిపి 2,250. సరిగ్గా పన్నెండు వేలు. ఇంకా తగ్గించాలంటే రాక్‌వుల్ మాని బొంతలతో నడిపించవచ్చు. ఇంటర్‌ఫేస్ మాత్రం తగ్గించవద్దు, ల్యాప్‌టాప్ మైక్ రంధ్రం ఎంత మంచి మైక్‌నైనా పాడుచేస్తుంది. హెడ్‌ఫోన్ బ్లూటూత్‌ది పనికిరాదు. మన గొంతు మనకే ఆలస్యంగా వినపడి తాళం తప్పుతాం.

తీగ చివరల పిన్నుల మీద ఉప్పుగాలికి చిలుము పడుతుంది. మూడు నెలలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడిస్తే కరకరలు రావు.

హమ్ ఎక్కడిది

మొదటి రోజే సన్నగా "హూం" వినపడింది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ హమ్ 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది. వెతికే వరస ఇలా: ల్యాప్‌టాప్ చార్జరు పీకేయడం, ఆగితే ఎర్తింగు లోపం. ఫ్యాన్ రెగ్యులేటరు పూర్తిగా ఆపడం, ఆగితే దాని గరగర. ఎల్ఈడీ బల్బు మార్చి చూడటం. ఇన్వర్టరు మీద ఉన్నామేమో చూసుకోవడం. నా విషయంలో చార్జరే. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు సరిచేయించడమే అసలైన మందు, అప్పటిదాకా బ్యాటరీ మీద రికార్డు చేయాలి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది. మైక్ పట్టుకునేది మన చేత్తోనే, పెదవులు ఆనేది ఆ లోహపు జల్లెడకే.

బెత్తెడు, జానెడు

దూరానికి మన కొలతలే హాయి. మంద్రంలో, వాచకంలో నోటికీ మైక్‌కీ మధ్య బెత్తెడు. తారస్థాయికి వెళ్లేటప్పుడు జానెడు. దూరం సగం చేస్తే గొంతు ఆరు డీబీలు పెరుగుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. దగ్గరగా పాడటం కన్నా చవకైన గది వైద్యం లేదు. అయితే ఈ తరహా మైకులు మరీ దగ్గరైతే కింది స్థాయిని పెంచేస్తాయి, గొంతు బరువెక్కుతుంది. రెండంగుళాల లోపు వద్దు. మైక్ ముందు బల్ల ఉంటే గొంతు బల్ల మీద తగిలి ఒక మిల్లీసెకను ఆలస్యంగా మైక్‌ను చేరి, గొంతులో మధ్యభాగాన్ని కొరికేస్తుంది. పాట కాగితాన్ని బల్ల మీద కాక మైక్ పక్కగా, నిలువుగా పెట్టుకోవాలి, వెనక మడత పెట్టిన గుడ్డ ఉండాలి.

ప, బ పలికినప్పుడు నోటి నుంచి గాలి దూసుకొస్తుంది. ఫ, భ వచ్చేసరికి ఇంకా ఎక్కువ, భక్తి పాటల్లో భ లేని చరణం అరుదు. అరచేయి నోటి ముందు బెత్తెడు దూరంలో పెట్టి "భ" అంటే గాలి తిన్నగా, కాస్త కిందికి తగులుతుంది. అందుకని మైక్‌ను నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తున, ఒక పక్కకు ముప్పై డిగ్రీలు తప్పించి, పెదవుల కొస వైపు తిప్పి పెట్టాను. గాలి దాని కింది నుంచి పోతుంది, శబ్దం మాత్రం అందుతుంది. పాప్ ఫిల్టరు ఇంట్లోనే: ఆరంగుళాల ఎంబ్రాయిడరీ రింగుకు నైలాను మేజోడు రెండు పొరలు బిగించి, మైక్‌కి రెండంగుళాల ముందు. సరిచూడటానికి నేను వాడిన వాక్యం: "పెద్ద బావి పక్కన పాప బొమ్మను భద్రంగా పెట్టింది." ఎక్కడా "ధబ్" మనకపోతే మైక్ కోణం కుదిరినట్టే.

స, శ లకు మరో వాక్యం: "శనివారం సాయంత్రం సింహాచలం శిఖరం చూశాం." స బుస ఆరు నుంచి ఎనిమిది వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. శ, ష బుస దానికన్నా కింద, మూడు నుంచి ఐదు వేలలో. ఇది తెలియక డీ-ఎస్సరును (సాఫ్ట్‌వేర్లో ఈ బుసను నొక్కే పనిముట్టు) ఏడు వేల దగ్గర పెట్టి, శ ఇంకా కోస్తోందేమిటని తికమకపడతారు. తెలుగులో ఇంకో చిక్కు చలి, చుట్టం, చొక్కా లాంటి మాటల్లోని దంత్య చకారం. దాని చివర స లాంటి బుస ఉంటుంది, డీ-ఎస్సరు దాన్ని కూడా స అనుకుని నొక్కేస్తే "చలి" మెత్తబడి "తలి" లా వినిపిస్తుంది. కాబట్టి బుసను ముందు మైక్ కోణంతోనే తగ్గించుకోవాలి, డీ-ఎస్సరుకు మిగిల్చేది మూడు నాలుగు డీబీలకు మించకూడదు.

లెవెల్, టేకులు

రికార్డింగు సెట్టింగు సెకనుకు 48 వేల శాంపిళ్లు, 24 బిట్లు. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు ఒకసారి పాడి, మీటరు −12 నుంచి −10 మధ్య తగిలేలా గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని పెంచే మీట, పెట్టాను. నిజం పాటలో ఊపు వచ్చి మరో మూడు నాలుగు డీబీలు పెరుగుతుంది, ఆ జాగా వదలాలి. సున్నా తగిలి క్లిప్ అయిన, అంటే శబ్దం పగిలిన చోటు మళ్లీ పాడటం తప్ప దారి లేదు. 16 బిట్ల ఇంటర్‌ఫేస్ అయితే −6 దాకా రానివ్వవచ్చు. డైనమిక్ మైక్‌కి గెయిన్ ఎక్కువ కావాలి, మీట ముప్పావు దాకా వెళ్లింది. చివరి పావులో ఇంటర్‌ఫేస్ సొంత బుస పెరుగుతుంది, అక్కడిదాకా పోవలసి వస్తే గెయిన్ కాదు, దూరం తగ్గించాలి.

శ్రుతి పెట్టె గదిలో మోగకూడదు. తంబురా యాప్‌ను హెడ్‌ఫోన్లో వినాలి. ఒక చెవి తీసి పాడే అలవాటున్నవాళ్లు ఆ తీసిన చెవి కప్పును తలకు నొక్కిపెట్టాలి, లేదంటే తాళం టిక్కులు మైక్‌లోకి కారతాయి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట (గొంతును కంప్యూటరుకు వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు పంపేది) ఉంటే వేసుకోవాలి, ఆలస్యం ఉండదు. లేకపోతే బఫరు, అంటే కంప్యూటరు ఒక్కోసారి పోగుచేసుకునే శబ్దపు ముక్క, 128 శాంపిళ్లకు తగ్గించాలి, 48 వేల దగ్గర అది మూడు మిల్లీసెకన్ల లోపు. మిక్సింగుకు వచ్చాక 512కు పెంచుకోవచ్చు.

ప్రతి విడత మొదట్లో ముప్పై సెకన్లు కదలకుండా ఖాళీ గదిని రికార్డు చేసేవాణ్ణి. తర్వాత మాటల మధ్య కోతలు పూడ్చడానికి ఇదే మట్టి. పల్లవి మూడు టేకులు, చరణానికి మూడు, వేరే రోజు కలపకుండా. రోజు మారితే గొంతు రంగు మారుతుంది, కుర్చీ టేపు మీదే ఉన్నా అతుకు తెలుస్తుంది.

కోత, మెరుగు

ఉచితంగా దొరికే ఆడాసిటీతో పని జరుగుతుంది. వరస: ముందు మంచి టేకులు కలపడం, ఊపిరి శబ్దాలను తీసేయకుండా ఆరేడు డీబీలు తగ్గించడం. ఊపిరి మొత్తం కోస్తే మనిషి పాడినట్టు ఉండదు. తర్వాత హై-పాస్ ఫిల్టరు, అంటే ఇచ్చిన హద్దు కింది శబ్దాలను కోసేది, మగగొంతుకు 80, ఆడగొంతుకు 110 దగ్గర. గూడ్సు బండి గుడగుడ ఇక్కడే పోతుంది. తర్వాత 250 నుంచి 400 మధ్య డబ్బా మోత ఎక్కడుందో వెతికి మూడు డీబీలు కోత. గట్టి, మెత్తని చోట్ల తేడా తగ్గించే కంప్రెసర్ 3:1, అటాక్ 10, రిలీజ్ 100 మిల్లీసెకన్లు, గట్టి చోట నాలుగైదు డీబీలు నొక్కేలా. ఆపైన డీ-ఎస్సరు.

నాయిస్ రిడక్షన్ గురించి ఒక మాట. దాన్ని 20 డీబీలు లాగితే గొంతు నీళ్లలో గుడగుడలాడినట్టు అవుతుంది. నేను ఆరుకు మించి వాడలేదు, అది కూడా వాచకానికే. ఫ్యాన్ ఆపి, బొంత కట్టి, బెత్తెడు దూరంలో పాడితే దాని అవసరం పాటకు రాలేదు.

రీవర్బ్, అంటే తర్వాత కలిపే ప్రతిధ్వని, విడి ట్రాక్ మీద పెట్టి, దానికి 300 హెర్ట్జ్ కింద కోసేసి, అది మొదలయ్యే ముందు విరామం (ప్రీ-డిలే) 30 మిల్లీసెకన్లు ఇస్తే అక్షరాలు మసకబారవు. పొడి గొంతు ఉంటే ఎంత గుడి గంట మోత కావాలన్నా తర్వాత కలుపుకోవచ్చు, గది మోత ఒకసారి పడితే తీయలేం.

యూట్యూబ్‌కు సగటు గట్టిదనం −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనపు కొలత) దగ్గర, పీక్ −1 డీబీ. ఆడియో పుస్తకాలకు ఆడిబుల్ వాళ్ల ఏసీఎక్స్ వేదిక అడిగే లెక్క వేరు: సగటు −23 నుంచి −18, పీక్ −3 లోపు, ఖాళీ శబ్దం −60 కంటే కింద. ఆ చివరిదే ఇంటి గదుల్లో తప్పుతుంది. నా −57ను మూడు డీబీలు దించడానికి కిటికీ సందులకు రబ్బరు పట్టీ, తలుపు కింద చుట్టిన దుప్పటి పట్టాయి. చివరి ఫైలు డబ్ల్యూఏవీగా దాచి, హెడ్‌ఫోన్లో ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి, మర్నాడు పొద్దున్న మరోసారి వినేవాణ్ణి. వినేవాళ్లలో ఎక్కువమంది వినేది ఫోన్ స్పీకర్లోనే కాబట్టి అక్కడ మాట అర్థం కాకపోతే తిరిగి 300 దగ్గర కోతకు వెళ్లాలి.

వానకు మాత్రం నా దగ్గర మందు లేదు. కిటికీ పైన రేకుల నీడ ఉంది, అక్టోబరు, నవంబరు తుపానుల్లో దాని మీద చినుకు పడితే ఏ బొంతా ఆపదు. రేకు మీద పాత గోనె సంచులు పరిచి కట్టి చూశాను, చినుకుల టపటప తగ్గి మెత్తని ధమధమ మిగిలింది. అది హై-పాస్‌కు కొంత లొంగుతుంది గానీ నెమ్మదిగా పాడే చరణంలో ఇంకా వినపడుతుంది. ఆ రోజుల్లో ఎడిటింగు పెట్టుకుని, మైక్‌ను సంచిలోనే ఉంచుతున్నాను.